వెనిస్‌లో ఒకటి రెండు రోజులు: ఎక్కడ పడుకోవాలి, ఏ పడవ ఎక్కాలి, డబ్బు దేనికి పెట్టాలి

ఇటలీ ట్రిప్ వేసుకునే మనవాళ్లలో చాలామంది వెనిస్‌కి ఒక్క పూట మాత్రమే ఇస్తారు. రోమ్‌కి మూడు రోజులు, ఫ్లోరెన్స్‌కి రెండు, మధ్యలో వెనిస్‌కి పొద్దున రైలెక్కి వెళ్లి రాత్రికి వచ్చేయడం. కాగితం మీద లెక్క సరిపోతుంది. కానీ ఈ ఊరు పగలు పదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా ఒకలా ఉంటుంది, ఆ ముందూ వెనకా పూర్తిగా మరోలా ఉంటుంది. పగటి పూట వచ్చే వేలమంది రియాల్టో వంతెన, సాన్ మార్కో చౌక్ మధ్య ఉన్న సన్నటి సందుల్లోనే ఇరుక్కుంటారు. రెండు వీధులు పక్కకి తిరిగితే ఖాళీ, కానీ ఆరేడు గంటల్లో అంతా చూసెయ్యాలన్న హడావుడిలో పక్కకి తిరిగే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఇక్కడ ఏం చూడాలన్నది రెండో ప్రశ్న. రాత్రి ఎక్కడ పడుకుంటారన్నది మొదటిది. దాన్ని బట్టే మిగతా ఖర్చులన్నీ మారతాయి. కింద రాసిన ధరలు 2025 నాటివి.

ఒక్క పగలా, ఒక రాత్రా, రెండు రాత్రులా

ఫ్లోరెన్స్ నుంచి హైస్పీడ్ రైల్లో రెండు గంటల పావు, మిలాన్ నుంచి రెండున్నర గంటలు, వెరోనా నుంచి గంటా పది నిమిషాలు. ఫ్లోరెన్స్ నుంచి పగటి ట్రిప్ వేస్తే రాకపోకలకే నాలుగున్నర గంటలు పోతాయి, చేతికి మిగిలేది సరిగ్గా జనం కిక్కిరిసిన సమయం. పైగా రద్దీ రోజుల్లో పగటికి వచ్చి పోయేవాళ్ల దగ్గర నగర ప్రవేశ రుసుము వసూలు చేస్తున్నారు. 2024లో 29 రోజులు పెట్టారు, 2025లో 54 రోజులకి పెంచారు. ఉదయం 8.30 నుంచి సాయంత్రం 4 గంటల మధ్య ఊళ్లోకి అడుగుపెడితే మనిషికి 5 యూరోలు. కనీసం నాలుగు రోజుల ముందు ఆన్‌లైన్‌లో కట్టకపోతే 10. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి లేదు. ఏ తేదీల్లో ఉందో నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌లో ముందే చూసుకోవాలి.

పగటికే వెళ్లక తప్పదంటే వెరోనా నుంచో పాదువా నుంచో వెళ్లండి, పొద్దున ఎనిమిది లోపు ఊళ్లో దిగండి. ఆ రోజు మ్యూజియం జోలికి పోవద్దు. నడక, ఊరి నడుమ పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ పొడవునా పోయే 1వ నంబర్ పడవ, ఒక చర్చి. అంతే.

మధ్యాహ్నం రెండు మూడింటికి వచ్చి, ఒక రాత్రి ఉండి, మర్నాడు సాయంత్రం బయలుదేరడం అన్నిటికన్నా తక్కువలో గిట్టుబాటయ్యే పద్ధతి. ఒక సాయంత్రం, ఒక తెల్లవారుజాము, ఒక నిండు పగలు దక్కుతాయి. రెండు రాత్రులుంటే రెండో రోజు మొత్తం మురానో, బురానో లాంటి పక్క ద్వీపాలకి పెట్టవచ్చు. పక్క ద్వీపాలు వద్దనుకుంటే ఒక రాత్రి చాలు. అవి కావాలంటే రెండు రాత్రులు తప్పనిసరి. ఒక్క రాత్రి ట్రిప్‌లో బురానోని కూడా దూర్చితే రెండూ చెడతాయి.

ద్వీపంలో బసా, మెస్త్రేలో బసా

హోటల్ సైట్లలో "వెనిస్" అని వెతికితే సగం ధరకి కనిపించే గదులు చాలావరకు మెస్త్రేలో ఉంటాయి. మెస్త్రే అంటే నీటికి ఇవతల, నేల మీద, కార్లూ బస్సులూ తిరిగే మామూలు ఊరు. అక్కణ్ణుంచి అసలు వెనిస్ ఉన్న ద్వీపంలోని సాంతా లూచియా స్టేషన్‌కి రైల్లో పది పన్నెండు నిమిషాలు, టికెట్ రెండు యూరోల లోపే. 2వ నంబర్ బస్సు, టీ1 ట్రామ్ కూడా పియాజ్జాలే రోమా దాకా వస్తాయి. కార్లు, బస్సులు రాగలిగే ఆఖరి చోటు అదే.

మెస్త్రేలో ఉండటం తప్పేమీ కాదు. నలుగురైదుగురు కుటుంబంతో, నాలుగు పెద్ద పెట్టెలతో, కారులో తిరుగుతున్నవాళ్లకి అదే మేలు. లిఫ్టు ఉంటుంది, పార్కింగ్ దొరుకుతుంది, పెట్టెలు వంతెనలెక్కించే బాధ ఉండదు. మెస్త్రే కూడా వెనిస్ నగరపాలక పరిధిలోదే కాబట్టి అక్కడ రాత్రి ఉండేవాళ్లు ప్రవేశ రుసుము కట్టక్కర్లేదు. కానీ రుసుము ఉన్న రోజుల్లో మినహాయింపు క్యూఆర్ కోడ్ ఆన్‌లైన్‌లో తీసుకుని ఫోన్‌లో ఉంచుకోవాలి. పాదువాలో ఉండి వస్తే మాత్రం రుసుము వర్తిస్తుంది.

నష్టం ఎక్కడంటే, మెస్త్రేలో ఉన్నవాళ్లు రాత్రి తొమ్మిది దాటగానే రైలు టైము చూసుకోవడం మొదలుపెడతారు, పొద్దున టిఫిన్ చేసి ద్వీపం చేరేసరికి పది అవుతుంది. అంటే ఊరు బాగుండే రెండు పూటలూ వాళ్లకి దక్కవు, పగటి ట్రిప్ వాళ్లు చూసే వెనిస్సే వాళ్లూ చూస్తారు. ఇద్దరు వెళ్తుంటే, ద్వీపంలో గదికి అదనంగా అయ్యే మొత్తాన్ని గొండోలా అనే తెడ్డు పడవ షికారు ఖర్చుతో (ధర కింద రాశాం) పోల్చి చూడండి. గొండోలా మానేసి ద్వీపంలో ఒక రాత్రి పడుకోవడమే మా సలహా. అరగంట పడవ షికారు కన్నా, రాత్రి పదకొండింటికి సాన్ మార్కో చౌక్‌లో మీ అడుగుల చప్పుడు మీకే వినిపించడం విలువైనది.

మెస్త్రేలోనే తీసుకుంటే స్టేషన్‌కి అయిదు నిమిషాల నడక దూరంలో తీసుకోండి. "వెనిస్‌కి పది నిమిషాలు" అని రాసుకునే హోటళ్లు మెస్త్రే పక్కనున్న మార్గేరా లోపల ఉంటే బస్సు కోసం చూసుకోవాల్సిందే. ఇంకో మాట: రైలు టికెట్ కొనేటప్పుడు "వెనేజియా మెస్త్రే", "వెనేజియా సాంతా లూచియా" రెండు వేర్వేరు స్టేషన్లని గుర్తుంచుకోండి. ద్వీపానికి వెళ్లేవాళ్లు ముందు వచ్చే "వెనేజియా" బోర్డు చూసి దిగిపోవద్దు. మెషిన్‌లో కొన్న కాగితం రీజనల్ టికెట్‌ని ప్లాట్‌ఫాం దగ్గరి చిన్న మెషిన్‌లో ముద్ర కొట్టించుకోకపోతే జరిమానా వేస్తారు.

మూడో దారి కూడా ఉంది: లీదో. సముద్రం వైపున్న పొడవాటి ద్వీపం, సాన్ మార్కో పక్కనున్న సాన్ జాక్కరియా రేవు నుంచి పడవలో పావుగంట. అక్కడ బస్సులు తిరుగుతాయి, రోడ్లు చదును, హోటళ్లలో లిఫ్టులుంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు మెస్త్రే కన్నా ముందు లీదో చూడాలి. రాత్రి తిరుగు ప్రయాణం కూడా నీళ్ల మీదే సాగుతుంది కాబట్టి వెనిస్‌లో ఉన్నట్టే ఉంటుంది. సెప్టెంబరు మొదట్లో ఫిల్మ్ ఫెస్టివల్ రోజుల్లో మాత్రం ధరలు అందవు.

ద్వీపంలో ఏ పేట

వెనిస్ ఆరు పేటలు. ఒక రాత్రి ఉండేవాళ్లకి కన్నరేజో మంచిది. స్టేషన్ నుంచి స్ట్రాదా నోవా వైపు వెళ్లే దారి చాలావరకు చదును, ఉత్తరపు గట్టున మిసెరికోర్దియా కాలువ వెంట ఊళ్లోవాళ్లు కూర్చునే హోటళ్లున్నాయి, 1516లో ఏర్పడిన యూదుల గెట్టో ఈ పేటలోనే ఉంది. దోర్సోదూరోలో జాత్తెరే గట్టు పొడుగునా నడక హాయిగా సాగుతుంది, విశ్వవిద్యాలయం ఉండటం వల్ల సాంతా మార్గెరీతా చౌక్‌లో తిండి కాస్త అందుబాటులో ఉంటుంది. కాస్తెల్లోలో ఆర్సెనాలే అనే పాత ఓడల కర్మాగారం దాటాక వచ్చే గారిబాల్దీ వీధి వెడల్పైనది, జనం నివసించే చోటు, కానీ స్టేషన్‌కి దూరం. సాన్ మార్కో పేటలో గది తీసుకోవడానికి మాకు కారణం కనిపించదు. ధర ఎక్కువ, సందడి ఎక్కువ, నాలుగు అడుగులు నడిస్తే వచ్చే చోటికి అద్దె కట్టడం.

పేట కన్నా ముఖ్యమైనవి రెండు ప్రశ్నలు. గది ఖాయం చేసే ముందు హోటల్‌ని ఇవి అడగండి: దగ్గరి పడవ రేవు ఏది, ఆ రేవు నుంచి హోటల్ దాకా ఎన్ని వంతెనలెక్కాలి? వెనిస్ వంతెనలకి అటూ ఇటూ మెట్లే. ఇరవై కిలోల పెట్టెతో మూడు వంతెనలంటే దాన్ని మూడు సార్లు ఎత్తి దించడం. "సాన్ మార్కోకి 300 మీటర్లు" అని రాసినా ఆ దారిలో నాలుగు వంతెనలుండవచ్చు. లిఫ్టు సంగతి కూడా అడగండి. పాత భవనాల్లో చాలాచోట్ల ఉండదు, గది మూడో అంతస్తు కావచ్చు.

అడ్రసులు ఇంకో చిక్కు. ఇంటి నంబరు వీధికి కాదు, పేట మొత్తానికి వరసగా ఇస్తారు. "కన్నరేజో 3400" అంటే ఏ వీధో తెలియదు. ఒకే పేరున్న వీధులు వేర్వేరు పేటల్లో ఉంటాయి. ఎత్తైన గోడల మధ్య ఫోన్‌లోని నీలి చుక్క పక్క సందులోకి గెంతుతూ ఉంటుంది. కాబట్టి హోటల్ చోటును మ్యాప్‌లో పిన్ చేసి ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి. దారి తప్పితే గోడల మీద పసుపు బోర్డులు చూడండి: "పెర్ రియాల్టో", "పెర్ సాన్ మార్కో", "అల్లా ఫెర్రోవియా". ఆఖరిది స్టేషన్‌కి.

విమానాశ్రయం నుంచి: బస్సా, పడవా

మార్కో పోలో విమానాశ్రయం నుంచి పియాజ్జాలే రోమాకి బస్సులో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు, 10 యూరోలు. విమానాశ్రయం నుంచి నేరుగా ఊళ్లోకి వచ్చే అలిలగూనా కంపెనీ పడవ ధర అంతకన్నా ఎక్కువ, సాన్ మార్కో చేరడానికి గంట దాటుతుంది. పడవ కాబట్టి పడవే బాగుంటుందనుకోవద్దు. కిటికీలు చిన్నవి, కూర్చునేది నీటి మట్టానికి దగ్గరగా, దారిలో ఎక్కువ భాగం పడవల దారికి గుర్తుగా నీళ్లలో పాతిన గుంజలే కనిపిస్తాయి. మీ హోటల్ ఫొందమెంతే నోవే రేవు దగ్గరో, కన్నరేజో కాలువ మీది గూల్యే రేవు దగ్గరో ఉంటే మాత్రం పెట్టెతో మెట్లెక్కకుండా నేరుగా దిగవచ్చు, అప్పుడు అలిలగూనా సరైన ఎంపిక. మిగతా అందరికీ బస్సు, తర్వాత నడకో 1వ నంబర్ పడవో. వాటర్ ట్యాక్సీ నూరు యూరోలు దాటుతుంది. అయిదారుగురు పెద్దవాళ్లతో, సామానుతో వెళ్తే తలా ఇంత వేసుకుని ఆలోచించవచ్చు.

చౌక విమానాల్లో వచ్చేవాళ్లు ఒకటి చూసుకోవాలి: కొన్ని కంపెనీలు "వెనిస్" అని చూపేది త్రెవీజో విమానాశ్రయం. అక్కణ్ణుంచి బస్సులో నలభై నిమిషాలకు పైనే పడుతుంది.

పడవ టికెట్: విడిగానా, పాసా

ఊళ్లో తిరిగే ప్రజా రవాణా పడవని వాపొరెట్టో అంటారు, నడిపేది ఏసీటీవీ (ACTV) సంస్థ. ఒక్క టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. 24 గంటల పాస్ 25, 48 గంటలది 35, 72 గంటలది 45 యూరోలు. ఆరేళ్ల లోపు పిల్లలకి ఉచితం. 6 నుంచి 29 ఏళ్ల లోపు వాళ్లకి రోలింగ్ వెనిస్ అనే కార్డు ఉంది. 6 యూరోలు పెట్టి అది కొంటే 72 గంటల పాస్ 27కే వస్తుంది, మొత్తం 33. యూరప్‌లో ఎం.ఎస్. చేస్తున్న మన పిల్లలు దీన్ని అడక్కుండా పూర్తి ధర కట్టేస్తుంటారు. ఇది 48 గంటల మామూలు పాస్ కన్నా కూడా తక్కువ.

లెక్క సులువు. 24 గంటల్లో మూడు సార్లు పడవెక్కితే 28.50 అవుతుంది, కాబట్టి పాస్ కొనాలి. రెండు సార్లే అయితే విడి టికెట్లు. పాస్ గడియారం తేదీని బట్టి నడవదు, మొదటిసారి మెషిన్‌కి తాకించిన నిమిషం నుంచి నడుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి దిగి వెంటనే 24 గంటల పాస్ తాకిస్తే మర్నాడు మూడింటికి ముగుస్తుంది. రెండు రాత్రులు ఉండేవాళ్లు మొదటి సాయంత్రం నడిచి తిరిగి, రెండో పొద్దున పక్క ద్వీపాలకి బయలుదేరేటప్పుడు 24 గంటల పాస్ మొదలుపెడితే, మూడో రోజు పొద్దున స్టేషన్‌కి తిరుగు ప్రయాణం కూడా అందులోనే అయిపోతుంది. ఆ విధంగా 48 గంటల పాస్ అవసరం రాదు.

ఊరు చిన్నది. స్టేషన్ నుంచి రియాల్టోకి ఇరవై అయిదు నిమిషాల నడక, సాన్ మార్కోకి నలభై నిమిషాల లోపు. 1వ నంబర్ పడవ కూడా స్టేషన్ నుంచి సాన్ మార్కోకి అంతే సమయం తీసుకుంటుంది. కాబట్టి నడవగలిగేవాళ్లకి వాపొరెట్టో సమయం మిగల్చదు. దాన్ని గ్రాండ్ కెనాల్ చూడటానికి ఒకసారి, ద్వీపాలకి ఒకసారి, సామానుతో ఒకసారి వాడుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు. వాళ్లకి పాస్ లేకుండా ఈ ఊళ్లో రెండు గంటలు గడవదు. చక్రాల కుర్చీ ఉన్నవాళ్లు 1, 2 నంబర్ పడవలు నేరుగా ఎక్కవచ్చు, ఊళ్లో చాలా భాగం వంతెన దాటకుండా రేవుల ద్వారానే అందుతుంది.

పాస్ ఉన్నా ప్రతిసారీ ఎక్కే ముందు రేవులోని మెషిన్‌కి తాకించాలి. తాకించకపోతే పాస్ జేబులో ఉన్నా జరిమానా పడవచ్చు. ఒకే రేవులో ఒకే నంబరు పడవ రెండు దిక్కులకీ ఆగుతుంది. పడవ మీద నంబరు ఒక్కటే చూసి ఎక్కితే ఎదురు దిక్కుకి పోతారు, తాడు కట్టే మనిషిని "రియాల్టో?" అని ఒక్క మాట అడగండి. విమానాశ్రయం బస్సుకీ, అలిలగూనాకీ మామూలు పాస్ చెల్లదు.

గొండోలా, ట్రాగెట్టో, 1వ నంబర్

గొండోలా ధర నగరపాలక సంస్థ నిర్ణయిస్తుంది: పగలు 30 నిమిషాలకి 90 యూరోలు, రాత్రి 7 దాటాక 35 నిమిషాలకి 110. ఇది పడవకి, మనిషికి కాదు. అయిదుగురి దాకా ఎక్కవచ్చు. బేరం ఆడితే తగ్గేది డబ్బు కాదు, నిమిషాలు. ఎక్కే ముందు ధరా, సమయమూ రెండూ నోటితో చెప్పించుకోండి. పాట కావాలంటే అది వేరే ఖర్చు. సాన్ మార్కో ముందున్న రేవుల్లో ఎక్కితే గొండోలాల వరసలో వెనక దాని ముక్కు చూస్తూ కూర్చోవాలి. సాన్ పోలోలోనో దోర్సోదూరోలోనో చిన్న కాలువ దగ్గర ఎక్కండి. నలుగురు కలిసి వెళ్తే తలా ఇరవై రెండున్నర, అది సబబైన ధర. ఇద్దరే అయితే పైన చెప్పిన మాట గుర్తుంచుకోండి.

ట్రాగెట్టో అంటే గ్రాండ్ కెనాల్‌ని అడ్డంగా దాటించే పెద్ద గొండోలా, తెడ్డు వేసేవాళ్లు ఇద్దరు. బయటివాళ్లకి 2 యూరోలు, రెండు మూడు నిమిషాల ప్రయాణం. రియాల్టో కూరగాయల మార్కెట్ ఎదురుగా సాంతా సోఫియా రేవు అందరికీ తెలిసినది. పగటి పూటే నడుస్తుంది. గ్రాండ్ కెనాల్ మీద వంతెనలు నాలుగే కాబట్టి ఇది నిజంగా పనికొచ్చే రవాణా. తెడ్డు పడవ ఎక్కిన అనుభవం కావాలంటే ఇంతకన్నా చవకగా దొరకదు.

ఇక గ్రాండ్ కెనాల్ పొడవునా చూడటానికి 1వ నంబర్ వాపొరెట్టోని మించినది లేదు. కానీ స్టేషన్ రేవులో పగలు ఎక్కితే సీటు దొరకదు, నిలబడి ఎవరి వీపో చూడాలి. దానికి ముందు రేవైన పియాజ్జాలే రోమాలో ఎక్కండి. కొన్ని పడవలకి ముందు భాగంలో బయట సీట్లుంటాయి. రెండు పడవలు వదిలేసినా సరే ఆ సీటు కోసం ఆగండి. లేదా రాత్రి తొమ్మిది తర్వాత సాన్ జాక్కరియా నుంచి స్టేషన్ వైపు ఎక్కండి. పాత మహళ్లలో దీపాలు వెలుగుతుంటే చెక్క దూలాల పైకప్పులు, గాజు షాండ్లియర్లు బయట నుంచే కనిపిస్తాయి. పగలు అవి కనిపించవు.

మురానో, బురానో, తోర్చెల్లో

ఒక్కటే చూడగలిగితే బురానో. రంగు రంగుల ఇళ్లు, అల్లిక లేసు, చిన్న ఊరు, పిల్లలకి కూడా నచ్చుతుంది. ఫొందమెంతే నోవే నుంచి 12వ నంబర్ పడవలో ముప్పావు గంట. పదకొండు దాటితే ఆ పడవకి క్యూ రేవు దాటి వస్తుంది, కాబట్టి తొమ్మిది లోపే ఎక్కండి. బురానో నుంచి 9వ నంబర్‌లో అయిదు నిమిషాలు వెళ్తే తోర్చెల్లో. ఇళ్లు పట్టుమని పదిహేను ఉండవేమో అనిపిస్తుంది, కానీ 639లో మొదలైన సాంతా మరియా అస్సుంతా చర్చి గోడ నిండా అంతిమ తీర్పు మొజాయిక్ ఉంది. బురానో దాకా వెళ్లి దీన్ని వదిలేయడం అన్యాయం.

మురానో గాజు కోసం. మంటల భయంతో గాజు కొలుములన్నిటినీ 1291లో అక్కడికి తరలించారు. హోటల్ రిసెప్షన్‌లో "మురానోకి ఉచిత పడవ" అంటే అది దుకాణం వాళ్ల పడవ. కొలుమి దగ్గర అయిదు నిమిషాలు చూపించి, షోరూంలో అరగంట కదలనివ్వరు. పన్నెండో నంబర్ పడవ మురానో మీదుగానే పోతుంది, తిరుగు దారిలో ఫారో రేవులో దిగి మీ అంతట మీరు చూసుకోండి. కొనాలనుకుంటే "వెత్రో ఆర్తిస్తికో మురానో" గుర్తు ఉందా అని చూడండి. ఊళ్లో రెండు మూడు యూరోలకి అమ్మే గాజు పూసలు అక్కడ చేసినవి కావు.

సాన్ మార్కోలో దేనికి టికెట్ కొనాలి

సమయం తక్కువైతే బసీలికా అనే సాన్ మార్కో పెద్ద చర్చి, ఒకప్పుడు వెనిస్‌ని ఏలిన దోజేల ప్యాలెస్ రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది. మా ఓటు ప్యాలెస్‌కి కాదు, బసీలికాకి. ఎనిమిది వేల చదరపు మీటర్లకి పైగా బంగారు మొజాయిక్, దాన్ని ముప్పావు గంటలో చూడవచ్చు. ప్యాలెస్‌కి కనీసం రెండు గంటలు కావాలి, అంత పెట్టగలిగితేనే వెళ్లండి. 30 రోజుల ముందు కొంటే ప్యాలెస్ టికెట్‌లో తగ్గింపు ఉంది, అదే టికెట్ మీద ఎదురుగా ఉన్న కొర్రేర్ మ్యూజియం కూడా చూడవచ్చు. బసీలికాకి సమయం స్లాట్ ముందే బుక్ చేసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. చీరకీ చుడీదార్‌కీ ఇబ్బంది లేదు, షార్ట్స్‌తో వచ్చినవాళ్లే ఇబ్బంది పడతారు. వీపు మీది బ్యాగు లోపలికి రానివ్వరు. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, సందర్శకులకి మధ్యాహ్నం నుంచే.

పైనుంచి ఊరు చూడాలంటే చౌక్‌లోని గంట గోపురం కన్నా, ఎదుటి సాన్ జోర్జో మజ్జోరే ద్వీపంలోని గోపురం మేలు. ఊళ్లో గోపురం ఎక్కితే ఆ గోపురం కనిపించదు, ఎదుటి నుంచి చూస్తే మొత్తం కనిపిస్తుంది. క్యూ తక్కువ, లిఫ్టు ఉంది, సాన్ జాక్కరియా నుంచి 2వ నంబర్ పడవలో ఒకటే స్టాప్. చౌక్‌లో ఉన్నది 1902లో కూలిపోతే 1912లో తిరిగి కట్టినది.

చిత్రకళ ఇష్టమైతే ఫ్రారీ చర్చిలో తిషన్ వేసిన కన్య మరియ స్వర్గారోహణ చిత్రం, పక్కనే సాన్ రోక్కో భవనంలో తింతొరెత్తో చిత్రాలు. రెండూ సాన్ మార్కోకి దూరంగా ఉండటం వల్ల ప్రశాంతంగా చూడవచ్చు. రియాల్టో చేపల మార్కెట్ ఆది, సోమవారాలు ఉండదు. అకాదెమియా గ్యాలరీ సోమవారం మధ్యాహ్నానికే మూస్తారు.

రియాల్టో దగ్గర మాలిబ్రాన్ థియేటర్ వెనక "కోర్తే సెకొందా దెల్ మిలియోన్" అనే చిన్న వాకిలి ఉంది. మార్కో పోలో కుటుంబం ఇల్లు ఉన్న చోటు. మన బాపట్ల తీరంలోని మోటుపల్లి రేవు గురించీ, ఆ రాజ్యాన్ని ఏలుతున్న రాణి గురించీ, అక్కడి వజ్రాలూ సన్నటి నూలు బట్టల గురించీ చెప్పినవాడు ఆయనే. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. టికెట్ లేదు, క్యూ లేదు. రాతి తోరణాలున్న బావి వాకిట్లో రెండు నిమిషాలు నిలబడి రావచ్చు.

తిండి, ముఖ్యంగా శాకాహారులకి

వెనిస్ చేపల ఊరు. మాంసం కనిపించనంత మాత్రాన శాకాహారం అనుకోవద్దు. "బీగొలి ఇన్ సాల్సా" చూడటానికి ఉల్లిపాయ నూడిల్స్‌లా ఉంటుంది, అందులో ఉప్పు చేప కరిగించి వేస్తారు. రిసోత్తోకి వాడే నీళ్లు చేపదో మాంసానిదో అయి ఉంటాయి. బఠాణీ అన్నం "రీజి ఎ బీజి"లో పంది మాంసం ముక్కలు పడవచ్చు. రొట్టె ముక్కల మీద తెల్లగా వెన్నలా పూసి ఇచ్చేది ఎండు చేప. అడగాల్సిన మాట "సెంజా కార్నే, సెంజా పెషే", మాంసమూ చేపా వద్దని. మార్గెరీతా పిజ్జా, టమాటా పాస్తా, గ్రిల్ చేసిన కూరగాయలు నిశ్చింతగా తినవచ్చు. పాలూ వద్దనేవాళ్లకి మరినారా పిజ్జా. పార్మిజానో చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ ఉంటుంది, అది పట్టింపున్నవాళ్లు చీజ్ చల్లవద్దని ముందే చెప్పాలి.

రెండు రాత్రులుంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ పెద్దవాళ్లకి హోటల్ కన్నా సుఖం. కన్నరేజోలో పాత సినిమా హాలు గోడల బొమ్మలతో సహా అలాగే ఉంచి నడుపుతున్న డెస్పార్ సూపర్‌మార్కెట్‌లో బియ్యం, కూరగాయలు, పెరుగు దొరుకుతాయి. పెరుగు కప్పు మీద "బియాంకో" అని, చక్కెర వెయ్యలేదని చూసి తీసుకోండి. వెనీలా పెరుగన్నం ఎవరికీ వద్దు.

హోటల్లో కూర్చుంటే తలకి ఇంత అని "కొపెర్తో" వేస్తారు, అది మోసం కాదు, మెనూలో రాసే ఉంటుంది. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. సాన్ మార్కో చౌక్ కాఫీ హోటళ్లలో వాద్యం మోగుతుంటే దానికీ తలకింత కలుపుతారు. చౌక్ మెట్ల మీద కూర్చుని తెచ్చుకున్నది తింటే జరిమానా. తాగే నీళ్లు వీధి కుళాయిల్లో ఉచితం. పబ్లిక్ టాయిలెట్‌కి చిల్లర పెట్టుకోండి.

ఏ నెలలో

జూలై, ఆగస్టు వద్దు. ఎండ, దోమలు, జనం, ధరలు నాలుగూ కలిసి వస్తాయి. ఫిబ్రవరిలో కార్నివాల్ రోజులు అందంగా ఉంటాయి కానీ గది ధరలు రెట్టింపు దాటతాయి. కార్నివాల్ అయిపోయాక మార్చి నెల, మళ్లీ అక్టోబరు చివరి నుంచి నవంబరు వారం మధ్య రోజులు మంచివి.

నవంబరు అనగానే వరద భయం అడుగుతారు. 2019 నవంబరు 12న నీళ్లు 187 సెంటీమీటర్లకి వచ్చాయి. ఆ తర్వాత 2020 అక్టోబరులో "మోసే" (MOSE) అనే వరద అడ్డుగేట్లు మొదటిసారి లేచాయి, పెద్ద పోటు వస్తుందని ముందే లెక్క వేసి సముద్రపు మూడు దారులూ మూసేస్తున్నారు. కాబట్టి ఊరు మునిగే పరిస్థితి ఇప్పుడు అరుదు. కానీ 110 సెంటీమీటర్ల అంచనా ఉంటేనే గేట్లు లేపేది. సాన్ మార్కో చౌక్ అంతకన్నా పల్లం, 80 దాటితే చాలు, రాళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరుతాయి. పోటు రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. ఆ వేళకి మీరు ఫ్రారీలోనో కన్నరేజోలోనో ఉంటే తెలియను కూడా తెలియదు. చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, పక్క ద్వీపాల ప్లాను దాన్ని బట్టి పొద్దున్నే పెట్టుకోవాలి.

వీసా లెక్కలో వెనిస్ రాత్రి

హైదరాబాద్ నుంచి షెంగెన్ వీసాకి వెళ్లేవాళ్లకి చివరి మాట. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అప్లై చేయాలి. రెండు దేశాల్లో సమానమైతే మొదట దిగే దేశానికి. ఫ్రాన్స్ నాలుగు రాత్రులు, ఇటలీ నాలుగు రాత్రులు వేసుకుని పారిస్‌లో దిగేవాళ్లు ఫ్రాన్స్‌కి అప్లై చేస్తారు. వెనిస్‌లో ఒక రాత్రి కలిపితే ఇటలీ అయిదై, అప్లికేషన్ ఇటలీకి మారుతుంది. కాబట్టి ఒక రాత్రా రెండు రాత్రులా అన్నది వీసా అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే తేల్చుకోండి, తర్వాత మార్చితే హోటల్ కాగితాలూ అప్లికేషనూ పొసగవు. క్యాన్సిల్ చేసుకునే వీలున్న గదే తీసుకోండి. ఆఖరి రోజు రైలు సాయంత్రమైతే పెట్టెలు సాంతా లూచియా స్టేషన్‌లో 1వ ప్లాట్‌ఫాం పక్కనున్న సామాను గదిలో పెట్టవచ్చు, కానీ అంతకన్నా ముందు హోటల్‌ని అడగండి. చాలావరకు ఉచితంగానే ఉంచుతారు, స్టేషన్‌కి దగ్గరి పేటలో గది తీసుకుని ఉంటే తిరిగొచ్చి తీసుకోవడానికి పది నిమిషాలు చాలు.